ఇంటివాళ్ళను పిలుచుకొని రా

యల్లక్క మగ్గం మీద నుంచి లేచిపోయింది.

లేవడమంటే విసురుగా లేవలేదు. చేతిలో ఉన్న నాడెను, పోగు విసిరే ఆ కొయ్యను, నెమ్మదిగా పడుగు దారాల మీద పెట్టి, దానికి దండం పెట్టుకొని, కొంగు సర్దుకొని, ఒక్క మాటన్నా మాట్లాడకుండా వాకిట్లోకి పోయి కూర్చుంది. అరిచినా బాగుండేది. యల్లక్క అరిస్తే ఆ కోపం టీ కాగేలోపలే చల్లారుతుందని ధర్మవరంలో వాళ్ళ వీధి వీధంతా ఎరుగుదురు. మాట్లాడకుండా లేచిందంటేనే కష్టం.

మగ్గం గుంతలో కూర్చున్న వీరేష్ తల్లి వంకా చూడలేదు, పెళ్ళాం వంకా చూడలేదు. సగం నేసిన చీర వంక చూశాడు. ఎర్రచీర, పచ్చ అంచు. ఎవరో పెళ్ళికూతురు కట్టుకోవలసింది. అంచు రంగు వేరైతే మగ్గం మీద ఇద్దరుండాలి. ఒకరు నేస్తూంటే రెండో పక్క నుంచి అంచు నాడె విసిరేందుకు ఇంకొకరు. ఆ ఇంకొకరు ఇప్పుడు వాకిట్లో, ఈ లోకంతో పని లేనట్టు కూర్చున్నారు.

మల్లిక గడప దగ్గరే నిలబడి ఉంది. భుజానికున్న సంచి కూడా దించలేదు. హిందూపురంలో పని ముగించుకొని వచ్చి, రైలు దిగి, ఇంట్లో కాలు పెట్టీ పెట్టకముందే అత్తను అనేసింది.

"నిన్ను ఎవరు పెట్టమన్నారు? బుర్రలో ఏముండాది నీకు? చెప్తే అర్థం కాదా?"

శుక్రవారం పూట, దీపం పెట్టే వేళ, కోడలి నోటి నుంచి అంత మాట. ఇద్దరికీ ఇంతకుముందు మాటా మాటా రాలేదని కాదు. ఉప్పు దగ్గరా, టీవీ దగ్గరా వస్తూనే ఉంటుంది. కానీ ఇలాంటి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అనలేదు.

ఇక ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మనసులో మంట పెట్టుకొని మగ్గం ముట్టకూడదు. ముడితే మన కోపం పోయి పోయి, ముక్కూ మొహమూ తెలియని పెళ్ళికూతురి ఒంటి మీద పడుతుందని యల్లక్క అంటుంది. నిజమో కాదో నేను చెప్పలేను. దెబ్బ గట్టిగా పడినచోట నేత బిర్రుగా ఉండడం మాత్రం వేలు పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

"మల్లికా, కాళ్ళు కడుక్కోని రా," అన్నాడు వీరేష్.

"నేను అత్త దగ్గరికి పోతా."

"ఇప్పుడు పోవద్దు. ఇప్పుడు పోతే ఇంగా రెండు మాటలు పెరుగుతాయి. ముందు రా, ఈడ కూర్చో."

మల్లిక కాళ్ళు కడుక్కొని వచ్చి, అత్త కూర్చునే పలక మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా ఎర్రపట్టు. ఎవరూ దాన్ని తాకలేదు. పక్కింట్లో మగ్గం టకటకమంటూనే ఉంది.

వీరేష్‌కు మాటలు తక్కువ. పెళ్ళిచూపుల్లో కూడా చిలమత్తూరు దాకా వచ్చి, "మీ గొర్రెలు ఎన్ని?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకున్నాడని మల్లిక పుట్టింట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

"అమ్మను నువ్వు అన్న మాట ఉండాదే," అన్నాడు చివరికి, "అది నీది కాదు."

మల్లిక తలెత్తింది.

"నాలుగేండ్లుగా సూస్తాండా నిన్ను. కోపం వస్తే నువ్వు గిన్నెలు ఎత్తేస్తావు, ఏడుస్తావు. బుర్రలో ఏముండాది అని నువ్వు ఎవరినీ అడిగే మనిషివి కావు. ఎవరిది ఆ మాట?"

కొట్టినా ఏడ్చేది కాదేమో. ఆ ఒక్క ప్రశ్నకు మల్లిక కండ్లలోంచి నీళ్ళు జలజలా కారిపోయాయి. చీర మీద పడతాయని గబుక్కున వెనక్కి జరిగింది. అంత ఏడుపులోనూ ఆ జాగ్రత్త పోలేదు చూడండి, నేతగాళ్ళ ఇంటి కోడలని అందుకే అంటారు.

"హరిప్రసాద్ సారుది," అంది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే మాట. లైన్లో ఎవరికి ఏం తప్పు జరిగినా అదే. విని విని... నా నోట్లోకి ఎప్పుడొచ్చిందో నాకే తెలీదప్పా."

హరిప్రసాద్ ఆమె పనిచేసే బట్టల కంపెనీలో ఫ్లోర్ మొత్తానికీ ఇన్‌చార్జి. మల్లిక చెకింగ్ టేబుల్ దగ్గర ఉంటుంది. కుట్టి వచ్చిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించి, మరకా చినుగూ చూసి, పక్కకు పెట్టాలి. కంపెనీ ఇచ్చిన కట్టరు మొండిదని తనే ఒక చిన్న కట్టరు కొనుక్కొని సంచిలో పెట్టుకొని తిరుగుతుంది.

"ఈ పొద్దు ఏం జరిగింది?"

"ఈ పొద్దు శుక్రవారం గదా. తెల్లారే అత్త మగ్గానికి పెట్టినట్టే నా కట్టరుకూ పసుపు కుంకుమ పెట్టింది. నాకు తెలీదు. సంచిలోంచి తీసినా, పనిలో పడినా. చేతికి చెమట. తెల్ల చొక్కాలు. ఐదారు చొక్కాలకు కాలర్ల మీద ఎర్రగా అయిపోయినాక చూసుకున్నా."

వీరేష్ కండ్లు మూసుకున్నాడు. తన నాడెకూ, మగ్గానికీ ప్రతి శుక్రవారం తల్లి పెట్టే బొట్టు అతనికి ఎంత అలవాటంటే, అది లేకపోతే నాడె బోసిగా ఉన్నట్టు ఉంటుంది. కోడలి చేతిలో కత్తిరించే వస్తువు కూడా పనిముట్టేనని, ఆమెకు మంచి జరగాలని ఆ పెద్దామె అనుకుంది. అంతకంటే ఏమీ లేదు.

"నేనే పోయి చెప్పుకుందామనుకున్నా," అంది మల్లిక. "అంతలోపలే మా లైన్ చూసే నీలావతి పోయి చెప్పేసింది. ఆయన వచ్చినాడు. మరకైన ఒక చొక్కా నా చేతికిచ్చి, మధ్యాహ్నం దాకా దాన్ని పట్టుకోని లైన్ ముందర నిలబడమన్నాడు. వచ్చేటప్పుడొక మాట, పోయేటప్పుడొక మాట. గొర్రెలు కాసుకునేదానివి గొర్రెల్నే కాసుకోక, ఈడికి ఏంటికి వచ్చినావంటాడు. అందరూ తలకాయలు దించుకోని కుట్టుకుంటాండారు. నేనైనా అట్లే చేస్తా. పోయిన నెలలో మా లైన్లో ఈశ్వరిని ఇట్లే నిలబెడితే నేనూ తల దించుకున్నా."

"ఇంగ చాలులే. రేపటి నుంచి పోవద్దు."

"అట్లనద్దు. ఈ మగ్గం నమ్ముకుంటే ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ఆ జీతం లేకుంటే ఎట్లా? అయినా పోయేదీ మానేదీ నా చేతిలో యాడుండాది?" మల్లిక కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు ఇంటోళ్ళని పిల్చుకోని రమ్మన్నాడు. బడిపిల్లోళ్ళకు చెప్పినట్టు. మీ మొగుణ్ణి పిల్చుకోని రా, లేకుంటే నువ్వూ రావద్దు అన్నాడు."

"నేనొస్తాలే."

"నువ్వు రావద్దు."

అంత గట్టిగా చెప్పేసరికి వీరేష్ మొహం చిన్నబోయింది. నేసేవాణ్ణి, చదువు లేనివాణ్ణి, తన వెంట వస్తే నామర్దా అనుకుంటోందేమోనని అతనికి తోచింది. పైకి అనలేదు. మల్లిక మాత్రం కనిపెట్టింది.

"నువ్వనుకునేది కాదు. నువ్వొస్తే ఆయన నిన్ను కూడా ఆ మాటే అంటాడు. నిన్ను నా కండ్ల ముందర అంటే నేను బతకలేనప్పా."

వీరేష్ చీర మీదుగా చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నేత చెయ్యి, గరుకుగా ఉంటుంది. ఆ గరుకుతనం మీద మల్లికకు ఎంత ప్రేమ ఉందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, అప్పుడూ చెప్పలేదు.

తలుపు దగ్గర చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు.

సంగటి చల్లారిపోతోందని పిలవడానికి వచ్చి యల్లక్క అక్కడ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో ఏమో. ఆమె మొహంలో కోపం లేదు. తన చేతి కుంకుమ ఉన్న వేలిని మరో చేత్తో ఊరికే రుద్దుకుంటోంది.

"అత్తా..." అని మల్లిక లేవబోయింది.

"తిందురు రాండి," అని యల్లక్క లోపలికి పోయింది.

ముగ్గురూ కూర్చొని తిన్నారు. సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి, మజ్జిగ. యల్లక్క కోడలి తట్టలో నెయ్యి వేసింది, వద్దంటే మళ్ళీ వేసింది. మాట్లాడింది మాత్రం ఒక్కసారే.

"రేపు రైలు ఎన్ని గంటలకు?"

* * *

తెల్లవారి మల్లిక తల దువ్వుకొని బయటికి వచ్చేసరికి యల్లక్క సిద్ధంగా ఉంది. పండగలకు తీసే నేతచీర కట్టుకొని, చెవుల కమ్మలు తోముకొని, ఒక గుడ్డసంచిలో బొరుగులు పోసుకొని, చెప్పులేసుకొని మరీ నిలబడింది.

"యాడికత్తా?"

"నీతోనే."

"ఏంటికి? వద్దు! ఆయన నోరు మంచిది కాదు. నువ్వు ఆడికి వస్తే..."

"ఇంటోళ్ళని రమ్మన్నారంట గదా అమ్మీ," అంది యల్లక్క. "నేను ఇంటిదాన్ని కాదా?"

మల్లిక వీరేష్ వైపు చూసింది. అతను తల్లి వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది, గర్వం కూడా ఉంది.

"పోనీ," అన్నాడు. "ఆమెను ఆపేవాడు ఇంగా పుట్టలేదు."

రైల్లో కిటికీ పక్క సీటు అత్తకిచ్చి మల్లిక పక్కన కూర్చుంది.  

"అత్తా, నిన్న నేను అట్లా అని ఉండకూడదు. తప్పైపోయింది."

"అనేసినదాన్ని మళ్ళా ఏంటికి ఎత్తుతావు?"

"నువ్వు మగ్గం మీద నుంచి లేచిపోతివి గదా."

యల్లక్క కిటికీలోంచి బయటికి చూసింది. "నీ మీద కోపంతో లేయలే. భయంతో లేచినా. నా కోడలు ఏమైపాయ, ఈ గొంతు ఎవరిదిది అని భయమైంది. చేతులు వణికినాయి. వణికే చేత్తో నాడె యాడ విసిరేది?"

మల్లిక అత్త భుజానికి తల ఆనించింది. పుట్టింట్లో అవ్వ పోయిన తర్వాత ఆమె అలా ఎవరి భుజానికీ ఆనలేదు. యల్లక్క చెయ్యి పైకెత్తి, కోడలి పాపట్లో తప్పిన వెంట్రుకలు సర్ది, మళ్ళీ కిటికీలోంచి చూడసాగింది.

పెనుకొండలో నీలావతి ఎక్కింది.

నీలావతి మల్లిక లైనుకు సూపర్‌వైజర్. రెండేళ్ళ కిందట ఇద్దరూ పక్కపక్క టేబుళ్ళ దగ్గరే పనిచేసేవాళ్ళు, ఒకే డబ్బాలో తినేవాళ్ళు. సూపర్‌వైజర్ అయినప్పటి నుంచి రైల్లో వేరే పెట్టెలో ఎక్కుతోంది. ఇవాళ ఆ పెట్టె నిండి ఉందో ఏమో, ఇందులోకి వచ్చింది. ఖాళీ సీటు ఎదురుగా ఒక్కటే ఉంది. మల్లికను చూసి వెనక్కి తిరగబోయింది.

"కూర్చో పాపా, నిలబడేదేంటికి?" అంది యల్లక్క, ఆమె ఎవరో తెలియక. "ఏమీ తినకుండా వచ్చినట్టుండావు. ఇంద, నాలుగు బొరుగులు తిను."

నీలావతి చెయ్యి చాపింది. దోసిట్లో బొరుగులు పట్టుకొని, తినలేక, పారేయలేక అలాగే కూర్చుంది.

"మా అత్త," అంది మల్లిక. "కుంకుమ పెట్టింది ఈమే."

నీలావతి మొహం కందిపోయింది. "నేను చెప్పకుంటే ఆ చొక్కాల నష్టం నా లైన్ మీద రాస్తారు మల్లికా. నన్ను నిలబెడతారు. నాకు..." ఆమె గొంతు తగ్గించింది. "నాకు రోజూ కంపెనీ బోర్డు కనపడగానే వెనక్కి తిరిగి ఇంటికి పోదామనిపిస్తుంది. ఎవరితో చెప్పుకునేది?"

నిన్న సాయంత్రం దాకా మల్లికకు ఈమె మీద కసి ఉండేది. ఇప్పుడు వెతుక్కున్నా కనపడలేదు. జాలి వేసింది. ఆ ఫ్లోర్‌లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అందరూ భయపడ్డవాళ్ళే అనిపించింది. పై నుంచి పడిన అరుపును కిందివాళ్ళ మీదికి తోస్తే తప్ప అక్కడ ఎవరికీ ఊపిరాడదు. తనూ నిన్న అదే కదా చేసింది, తోసింది ఇంట్లో పెద్దామె మీదికి.

హిందూపురం దగ్గరపడుతుండగా నీలావతి ముందుకు వంగింది.

"ఒక మాట చెప్తా, నేను చెప్పినానని ఎవరికీ అనద్దు. ఈమెను లోపలికి తీసుకురావద్దు. గేటు దగ్గర నుంచే పంపించెయ్యి. చొక్కాలు పాడైనాయని పైవాళ్ళు అడుగుతాండారు. ఎవరో ఒకరి పేరు కావాల. ఇంటి నుంచి వచ్చిన కుంకుమ అని ఇంటోళ్ళ నోటితోనే అనిపిస్తే, పొరపాటు కాదు, తెలిసి తెచ్చిందని నిన్ను తీసేస్తారు. దానికే పిలిపిస్తాండేది."

యల్లక్క బొరుగుల సంచి మూతి ముడి వేసుకుంటోంది. విన్నదో లేదో తెలియదు.

* * *

గేటు దగ్గర నుంచి పంపించేయడం కుదరలేదు. "ఇంటోళ్ళు వస్తే నేరుగా లోపలికి తీసుకురమ్మన్నారు," అని కాపలా ఆయనే ముందు నడిచాడు.

మిషన్లు అప్పుడే మొదలయ్యాయి. వరసల మధ్య హరిప్రసాద్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. చూస్తే నలుగురు పిల్లల తండ్రిలా, పాపం అలసిపోయిన మనిషిలా ఉంటాడు. నోరు తెరిచేదాకానే.

"మొగుణ్ణి తెమ్మంటే ముసలమ్మను తెచ్చినావా?"

"బొట్టు పెట్టింది నేనే నాయనా," అంటూ యల్లక్క ముందుకు వచ్చింది. "మా ఇండ్లల్లో పనిముట్టుకు శుక్రవారం బొట్టు పెట్టేది మామూలు. పాపకు తెలీదు. ఏమన్నా అనేదుంటే నన్ను అను."

"పెద్దదానివి, మళ్ళీ సిగ్గులేకుండా చెప్తాండావా? ఆ చొక్కాలు ఏ దేశం పోతాయో తెలుసునా నీకు?"

యల్లక్కకు ఆ దేశాలు తెలియవు. కోడలి పని పోకుండా ఉండాలంటే ఏం చేయాలో తనకు తెలిసింది ఒక్కటే. బొరుగుల సంచి కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి, తన కొడుకు వయసున్న ఆ మనిషి కాళ్ళు పట్టుకోవడానికి వంగింది.

మల్లిక రెండు చేతులతో ఆమెను పట్టి లేపింది.

"వద్దత్తా." ఆయన వైపు తిరిగింది. "సార్, కట్టరు తుడవకుండా వాడింది నేను. ఆ పొరపాటు నాది, ఎవరి ముందరైనా ఒప్పుకుంటా. మరక పోయేదాకా నేనే కూర్చోని ఉతుకుతా. ఈమె మీ కాళ్ళు పట్టుకునేది మాత్రం నేను ఒప్పుకోను."

పక్క వరసలో ఒక మిషన్ ఆగింది. మళ్ళీ నడిచింది.

"ఒప్పుకోవా? అయితే ఇంటికి పో."

"పోను సార్. పని చేసేదానికి వచ్చినా."

అని, అత్తను గోడ పక్కకు నడిపించి, పోయి తన టేబుల్ దగ్గర నిలబడింది. కుప్పలోంచి ఒక చొక్కా తీసింది. కంపెనీ మొండి కట్టరుతోనే దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఊపిరి లోపలి దాకా పోయింది.

హరిప్రసాద్ ఆమె వైపు చూశాడు. ఏమీ అనకుండా మేనేజర్ గదిలోకి పోయాడు. ఆయన ఏమీ అనకపోవడం ఆ లైన్లో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండలేదు. నీలావతి తల ఎత్తకుండానే ఒక స్టూలును కాలితో యల్లక్క వైపుకు జరిపింది.

ఒక కట్ట చొక్కాలు అయ్యేసరికి గది తలుపు తెరుచుకుంది.

"ఆ పెద్దామెను లోపలికి పంపండి," అన్నాడు హరిప్రసాద్. ఇప్పుడు గొంతు మెత్తగా ఉంది. "ఆమెను ఒక్కదాన్నే. రామ్మా, భయం లేదు. టీ తాగుదువు."

మల్లిక చేతిలో కట్టరు ఆగిపోయింది. నీలావతి వైపు చూసింది. నీలావతి మొహం పాలిపోయింది.

యల్లక్క స్టూలు మీద నుంచి లేచింది. కొంగు భుజం నిండా కప్పుకొని, కోడలి టేబుల్ పక్కగా పోతూ ఒక్క క్షణం ఆగింది.

"నువ్వు పని చూసుకో అమ్మీ," అంది చిన్నగా. "అంతా నేనే చేసినానని చెప్తాలే. వాళ్ళు ఏమంటే దానికి ఊ అంటా. నీ పని యాడికీ పోదు."

నవ్వి, లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

తన కోసం ఆ ముసలామె దేనికైనా, కోడలు తెలిసే కుంకుమ తెచ్చిందన్న మాటకైనా, ఊ అంటుందని మల్లికకు తెలుసు. ఆ ప్రేమకు కడుపు నిండిపోయింది, ఆ ప్రేమను చూస్తేనే భయమూ వేసింది. పని మధ్యలో అడగకుండా టేబుల్ వదిలితే అదే ఆఖరు రోజని ఆ ఫ్లోర్‌లో అందరికీ తెలుసు. మల్లిక చొక్కా మడిచి పక్కన పెట్టింది. ఎవరినీ అడగకుండా, వరసల మధ్య నుంచి, మూసి ఉన్న ఆ తలుపు వైపు నడిచింది.